కాకతోని పోను

మా దిక్కు ఆడపిల్లను ఒంటరిగా పంపే అలవాటు లేదు. బావి దగ్గరికి పోయినా, కిరాణా దుకాణానికి పోయినా, పక్క ఊరి పెండ్లికి పోయినా ఎవరో ఒకరిని తోడిచ్చి పంపుతారు. తోడు అంటే మగవాడే. ముక్కు తుడుచుకోవడం రాని ఐదేళ్ల తమ్ముడైనా సరే, కళ్లు కనబడని ముసలాయనైనా సరే, మగవాడైతే చాలు, ఇంట్లో వాళ్లకు ధైర్యం. ఆ ముసలాయనకు దారి చూపించేది మేమే, ఆ తమ్ముడి ముక్కు తుడిచేదీ మేమే. అయినా వాళ్లే మాకు తోడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది.

మా ఊరు బోధన్‌కు కోసెడు దూరం. కాలువ నీళ్లు పారే నేల, ఊరి చుట్టూ చెరుకే. యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చిందని పెద్దలు మాట్లాడుకునే రోజుల్లో నాకు తొమ్మిదేళ్లు. చెరుకు నరికే కాలం వచ్చిందంటే ఫ్యాక్టరీ ముందు బండ్లు బారులు తీరేవి. ఒక్కోసారి ఆ వరుస గేటు దగ్గర మొదలై మా ఊరి దారి దాకా వచ్చేది. వంతు రావడానికి ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. బండి వదిలి ఇంటికొస్తే వంతు పోతుంది, వెనక నుంచి చెరుకులు గుంజుకుపోయే పిల్లలు సరేసరి. అందుకని మా బాపు, నాకన్నా రెండేళ్లు పెద్దవాడైన మా అన్న ఇద్దరూ బండి దగ్గరే ఉండేవారు. వాళ్లకు సద్ది మోసుకుపోయే పని నాది.

ఆ పని అవ్వ, అంటే మా అమ్మ, చేయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. చెరుకు కాలమూ పసుపు కాలమూ ఒక్కసారే వస్తాయి. తవ్విన పసుపు కొమ్ములను పెద్ద కడాయిలో ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాతే అమ్మాలి. మంట తగ్గితే కొమ్ము లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఎక్కువైతే మెత్తబడి పాడవుతుంది. కడాయి పొయ్యి మీదికి ఎక్కిందంటే అవ్వ అక్కడినుంచి కదలడానికి లేదు. అందుకని జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ మూటగట్టి నా నెత్తిన పెట్టి, నాకు తోడుగా కాకను పిలిచేది.

కాక అంటే మా బాపుకు చిన్నాయన కొడుకు. మా వాడలోనే ఇల్లు. పెండ్లాం, పిల్లలు ఉన్నవాడు. ఉర్దూ చదవడం వచ్చు కనుక కచ్చేరి నుంచి వచ్చిన కాగితాలు వాడ వాడంతటికీ చదివి పెట్టేవాడు. ప్రతి ఏడూ భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్ట జాతరకు పోయి పిల్లలందరికీ గాజులు, పేలాలు తెచ్చేవాడు. "మా మరిది అసుంటోడు వాడకొక్కడుంటె సాలు" అని అవ్వ అందరితోనూ అనేది. చెడ్డవాళ్లు చెడ్డవాళ్లలాగే కనిపించి ఉంటే పిల్లలకు బతుకు ఎంత తేలికయ్యేదో!

మూట నా నెత్తిన పెట్టి అవ్వ రోజూ జాగ్రత్తలు చెప్పేది.

"లారీలోళ్లతోని మాట్లాడకు. మరాటోళ్ల గుడిసెల దిక్కు పోకు. ఎవలన్న ఏమన్న ఇస్తె తినకు. కాక సెయ్యి ఇడువకు."

అన్నింటికన్నా గట్టిగా చెప్పేది ఆ చివరిదే.

దారి చెరుకు తోటల నడుమ నుంచి పోయేది. అక్కడ కాక నాకేం చేశాడో ఇక్కడ రాయను. సిగ్గుపడి కాదు. ఆ సిగ్గు నాది కాదని తెలుసుకోవడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది, మళ్లీ దాన్ని నెత్తికెత్తుకునే ఉద్దేశం లేదు. నాకు తొమ్మిదేళ్లని చెప్పాను, అతను పెద్దవాడని చెప్పాను. అంతకన్నా తెలియాల్సిన అవసరం ఎవరికీ లేదు. అతను అన్న ఒక్క మాట మాత్రం రాస్తాను. "చెప్తె మీ అవ్వ నిన్నే కొడ్తది" అన్నాడు. నేను నమ్మాను. పాల గిన్నె తన్నేసినందుకు అంతకు ముందు వారమే కొట్టింది మరి.

అయినా చెప్పాను. మరునాడు అవ్వ కడాయి కింద ఎండు చెరుకాకు తోస్తుంటే పక్కకు పోయి నిలబడ్డాను. జరిగినదానికి నాకు తెలిసిన మాటల్లో మాట లేదు. ఉన్న మాటలతోనే చెప్పాను.

"అవ్వా, కాకతోని పోను."

"ఎందుకే?"

"పోను."

"ఎందుకో చెప్పు మల్ల. పోనంటె పోనా?"

నేను నేల చూస్తూ నిలబడ్డాను. అవ్వకు పొగకు కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి, ఒక చేత్తో తుడుచుకుంటూ ఇంకో చేత్తో మంట సరిచేస్తోంది.

"తోడు లేకుంట ఎట్ల పోతవే? లారీలు తిరుగుతున్నయి, మరాటోళ్లు దిగిండ్రు. మీ బాపు, అన్న ఉపాసముండాల్నా? పో, నా తల్లి కదా."

పోయాను. మళ్లీ పోయాను. ఆ తర్వాత కూడా పోయాను.

కొన్నాళ్లకు నాకు తిండి సయించలేదు. ఉలిక్కిపడి లేచేదాన్ని, తొమ్మిదేళ్లు వచ్చీ పక్క తడిపేదాన్ని. అవ్వ కొట్టలేదు. మా అవ్వకు నా మీద ప్రేమ తక్కువని ఎవరైనా అనుకుంటే నేను ఊరుకోను. నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని ఉప్పూ మిరపకాయలతో జిష్టి తీసింది. తన కంచంలో పెరుగు నా కంచంలో వేసింది. పొద్దంతా మంట ముందు కాగిన చేతులతో నా వెన్ను రాసింది. "పొల్ల దడుసుకున్నది. చెరుకు తోటల ఏదో గాలి సోకింది" అని తేల్చి, బోధన్‌లో మంత్రం చదివి ఊదే సాయిబు దగ్గరికి తీసుకుపోదామంది. నాకు నడిచే ఓపిక లేదు. తోడుగా వచ్చిన కాక నన్ను భుజం మీద ఎక్కించుకున్నాడు. అవ్వ వెనక నడుస్తూ, "సూడు, నువ్వంటె ఎంత పాణమో మీ కాకకు" అంది.

సాయిబు బాగా ముసలివాడు, మెత్తటి మనిషి. నెమలీకల కట్టతో నా తల నిమిరి, "ఏం జూసినవ్ బేటీ? దేనికి భయమైంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. కానీ కాక నా పక్కనే కూర్చుని ఉన్నాడు. "ఏం సూడలే" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. నల్లదారంతో మెడకు అంత్రం కట్టి, అవ్వతో అన్నాడు.

"పోరిని ఒక్కదాన్ని ఎటు పంపకుండ్రమ్మా. ఎప్పుడు ఒకలు దగ్గరుండాలె."

మంచి మాటే. ఏ పిల్ల గురించైనా చెప్పదగ్గ మాటే. అవ్వ ఆ మాట కొంగున ముడేసుకుంది. ఆ రోజు నుంచి కాక సద్ది మోసే దారికే కాదు, చేనుకు, దుకాణానికి, అన్నిటికీ నా వెంట వచ్చేవాడు. కంచే చేను మేసిందని లోకం అంటుంది. నా విషయంలో, చేనుకు జబ్బు చేసిందని కంచెను ఇంకాస్త దగ్గరికి జరిపారు.

నన్ను ఆ కాలంలో కాపాడింది ఎవరో చెబితే మా ఊళ్లో నమ్మరు. అవ్వ పోవద్దన్న మరాటోళ్ల గుడిసెల్లో మనిషే. నాందేడ్ దిక్కు నుంచి చెరుకు నరకడానికి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి, దారి పక్కన చెరుకాకుతో గుడిసెలు వేసుకునేవారు. మగవాళ్లు నరుకుతుంటే ఆడవాళ్లు కత్తితో ఆకు చెక్కి మోపులు కట్టేవారు. అందులో ఒకామె, అవ్వ వయసుదే, నుదుట పెద్ద కుంకుమ బొట్టు, మేము పోతుంటే రోజూ నడుము నిటారు చేసి చూసేది. ఏం చూసిందో నాకు తెలియదు. పిల్ల మూట పట్టుకుని ఎలా నడుస్తుందో, పక్కన మనిషి ఎలా నడుస్తున్నాడో చూసి ఉంటుంది. ఒకరోజు కట్టే మోపు అక్కడే వదిలేసి, చేతిలో కత్తితోనే దారికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇకడే యే, పోరీ" అని నన్ను పిలిచింది. కాక వైపు తిరిగి, "తూ జా. మీ నేతే తిలా" అంది. నువ్వు పో, పిల్లను నేను తీసుకుపోతా అని. సరిహద్దు ఊళ్లలో అంతమాత్రం మరాఠీ అందరికీ తెలుసు. కాక నవ్వాడు, ఏదో అనబోయాడు. ఆమె నవ్వలేదు. కత్తి కిందికి దించలేదు, పైకీ ఎత్తలేదు, ఊరికే పట్టుకుని నిలబడింది. అంతే, కాక వెనక్కి మళ్లాడు.

ఆ రోజు నుంచి కాక గుడిసెల దాకా వచ్చేవాడు, అక్కడినుంచి ఆమె వచ్చేది. బండి దాకా నా వెంట నడిచి, నేను బాపుకు సద్ది ఇస్తుంటే దూరంగా చెరుకు ముక్క నములుతూ నిలబడి, మళ్లీ మా ఇండ్లు కనబడే దాకా దిగబెట్టేది. దారిలో మాటలు తక్కువ. నా భాష ఆమెకు రాదు, ఆమె భాష నాకు ముక్కలు ముక్కలుగా వచ్చు. చిన్న పాట ఏదో గొణుక్కుంటూ నా జడ ఊడితే అల్లేది. ఆ పది పన్నెండు రోజులు నేను కడుపునిండా తిన్నాను. అంత్రం పని చేసిందని అవ్వ సంబరపడింది.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. నేను మరాటామె పక్కన నడవడం చూసి ఎవరో వచ్చి అవ్వకు చెప్పారు. అవ్వ నన్ను గట్టిగా కొట్టింది ఆ రోజే. "ఎవలో ఏందో ఎరుకలేనోళ్లతోని పోతవా? ఎత్కపోతె ఏం జెయ్యాలె? కాక ఉండంగ నీకు గీ పోకడలేంది?" అని ఏడుస్తూ కొట్టింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టయింది నా పని. ఆ వారంలోనే మా దిక్కు చెరుకు అయిపోయింది, గుడిసెలు పీక్కుని వాళ్లు వెళ్లిపోయారు. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు, ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఎక్కడున్నా ఆమె కడుపు చల్లగా ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి ఏడు నుంచి నేను తెలివి నేర్చాను. సద్ది వేళకు కడుపునొప్పి తెచ్చుకునేదాన్ని. అబద్ధాలకోరని, పని దొంగనని పేరొచ్చింది. ఆ పేరు నాకు చాలా ఉపయోగపడింది. పద్నాలుగో ఏట పెండ్లి చేసి నిజామాబాద్ పంపించారు.

మా ఆయన బియ్యం మిల్లులో పని చేసేవాడు. నోరు తక్కువ, మనసు మంచిది. నేను మా వాడ ఆడవాళ్లతో కలిసి బీడీలు చుట్టేదాన్ని. వాడలో అందరికన్నా పెద్దామె, మేమంతా పెద్దవ్వ అని పిలిచే ఆమె అరుగు మీద కూర్చునేవాళ్లం. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. బీడీలు చుట్టే దగ్గర ఒక సుఖముంది. అందరి కళ్లూ చాటలోనే ఉంటాయి, ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మొగుడి తాగుడు, అత్త సాధింపు, పోయిన కడుపు, అన్నీ ఆ అరుగు మీద బయటికి వచ్చేవి. వినేవాళ్లు తల ఎత్తకుండా "ఊ" అనేవారు. నేను మాత్రం అందరి ముచ్చట్లూ విని నాది ఒక్కటీ చెప్పకుండా పన్నెండేళ్లు కూర్చున్నాను. వాగుడుకాయనని నాకు పేరు. అసలు సంగతి తప్ప అన్నీ వాగేదాన్ని.

ఒక చెరుకు కాలంలో మా ఊరి రైతు ఒకాయన పసుపు అమ్మడానికి నిజామాబాద్ వచ్చి, అరుగు ముందు ఆగాడు. బాపు పోయి అప్పటికి మూడేళ్లు. మా అన్న పోచంపాడ్ డ్యాం పనిలో కుదిరి అక్కడే ఉంటున్నాడు. వదినె రెండో పురుటికి పుట్టింటికి పోయింది. ఇంట్లో ఉన్నది అవ్వ, అన్న పెద్దబిడ్డ, ఇద్దరే. ఆ పిల్లకు ఎనిమిదేళ్లు, బోధన్‌లో బడికి పోతోంది.

"మీ అవ్వ నీకో మాట చెప్పుమన్నది" అన్నాడాయన. "మనుమరాలు వాళ్ల తాతతోని బడికి పోను అంటున్నదట. నిన్నొకసారి వచ్చి పొమ్మన్నది." అని తనే నవ్వాడు. "గింత దానికి నిజామాబాద్ దాక కవురా? మా ఇంట్ల గైతె రెండు పీకితె ఉరుకుతరు బడికి."

ఆ తాత ఎవరని నేను అడగలేదు. మా బాపు లేడు. తోడు రావడానికి మా ఊరి వాడలో మిగిలిన తాత ఒక్కడే, నాకు కాక అయినవాడు.

ఆయన వెళ్లిపోయాక కూడా నేను చేతిలో ఆకు పట్టుకుని అలాగే కూర్చున్నాను. పిల్ల గురించి భయం ఒక పక్క. ఇంకో పక్క వేరే సంగతి నన్ను పట్టుకుంది. బడికి పోనని పిల్ల మారాం చేస్తే అవ్వ కొడుక్కు కవురు పంపాలి, కోడలికి పంపాలి. నాకెందుకు పంపింది? ఆ మాట అవ్వ అంతకు ముందు ఒకసారి విన్నది కనుక. పొయ్యి ముందు నిలబడి నేనన్న మాట ఆమె మరిచిపోలేదు. ఇన్నేళ్లూ ఆమెకు అర్థం కాలేదనుకుని బతికాను. అర్థమయ్యే ఉందన్నమాట!

"ఏమైందే?" అంది పెద్దవ్వ, తల ఎత్తకుండానే.

చెప్పాను. నాలుగే మాటల్లో చెప్పాను. ఎవరూ "ఊ" అనలేదు.

"నాది మేనమామ" అంది పెద్దవ్వ. "పదేండ్లదాన్ని. చెప్తె అవ్వ సచ్చిపోతదనుకున్న. అవ్వ ఎనుబై ఏండ్లు బతికింది. నేనే చెప్పకుంట కూసున్న."

నా ఎదురుగా ఉన్న చిన్నామె, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, తన చాట తీసుకుని జరిగి జరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమెను ఎవరమూ ఏమీ అడగలేదు. ఆమె ఏడుస్తుంటే పెద్దవ్వ ఆమె చాటలో ఆకు తన చాటలోకి వేసుకుని ఆమె వంతు కూడా చుట్టింది.

కాసేపటికి పెద్దవ్వ ఒళ్లో తంబాకు దులుపుకుని లేచింది. "ఇంక ఏం సూస్తున్నవ్? నడువ్. బస్సున్నది. నేనొస్త."

బస్సులో నేను దారి పొడుగునా కాకను తిట్టాల్సిన తిట్లు కూర్చుకుంటూ పోయాను. నాకు రాని తిట్టు లేదు. పెద్దవ్వ చెంబు అందించి, "జెర నీళ్లు తాగు. తిట్టనీకె గొంతుండాలె" అంది. ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వొచ్చింది.

ఇంటికి చేరేసరికి పిల్ల వాకిట్లో కూర్చుని పలక మీద గీతలు గీస్తోంది. అవ్వ రాలేదింకా, చేనుకు పోయిందట. నేను పక్కన కూర్చుని, బడికెందుకు పోవట్లేదని అడిగాను.

"తాత సెరుకు తోటల కెల్లి పోదమన్నడు. గది దగ్గరి తొవ్వ అన్నడు. నేను వద్దన్న. సెయ్యి గట్టిగ పట్టిండు. నాకు భయమైంది అత్తా. గుంజుకోని ఉరికొచ్చిన."

"మంచిగ జేసినవ్. నాయినమ్మకు చెప్పినవా?"

"చెప్పిన. తాతతోని పోను అన్న. నాయినమ్మ చేతిల చీపురు కింద పడేసింది. నన్ను కూసోబెట్టుకోని మల్ల చెప్పు అన్నది. మల్ల చెప్పిన. ఇంకోసారి చెప్పు అన్నది. ఇంకోసారి చెప్పిన. ఇగ నువ్వు పోకు బిడ్డా అన్నది." పిల్ల పలక పక్కన పెట్టి గొంతు తగ్గించింది. "నాయినమ్మ మస్తు ఏడ్సింది అత్తా. ఎందుకేడ్సింది?"

నాకు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నాకు ఆ పిల్ల మీద ఈర్ష్య కలిగింది. నా అన్న బిడ్డ, రెండు జడల ఎనిమిదేళ్ల పిల్ల, సమయానికి తప్పించుకుని వచ్చిందని సంతోషపడాల్సింది పోయి, మల్ల చెప్పు అని దాన్ని అడిగారు, నన్ను అడగలేదు అని కడుపు కాలిపోయింది. ఆ తర్వాత సిగ్గేసి దాన్ని గట్టిగా దగ్గరికి తీసుకున్నాను. "ఊపిరాడ్తలేదు అత్తా" అనే దాకా వదల్లేదు.

అవ్వ వచ్చింది. నన్ను చూసి గడపలోనే ఆగిపోయింది. ఆమె ఇంకా కాకతో ఏమీ అనలేదని తెలిసింది. పిల్లకు జ్వరమని రెండు రోజులు చెప్పి పంపించిందట. రేపు మళ్లీ వస్తాడు.

"నీకు నోరు లేదా? నన్నెందుకు పిలిచినవ్?" అన్నాను. పిల్ల వింటోందని గొంతు పెంచలేదు గానీ, నా మొహం చూసి అవ్వ అడుగు వెనక్కి వేసింది.

"ధైర్యం సాలలే బిడ్డా" అంది. "ఇంటి మనిషి. వాడంత వాని దిక్కే ఉంటది. ఇంట్ల మగ దిక్కు లేదు. నువ్వు పక్కన ఉంటె చెప్పగలుగుతనేమో అని."

నేను చెబుతాను, నువ్వు పక్కకుండు అనబోయాను. పెద్దవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆమెనే చెప్పనియ్యి. నువ్వు నీ వంతు ఎన్నడో చెప్పినవ్" అంది. అది న్యాయమైన మాట. మింగడానికి కష్టమైనా న్యాయమైన మాటే.

తెల్లవారి బడి వేళకు కాక వచ్చాడు. మీసం తెల్లబడింది, భుజం మీద కొత్త తువ్వాల. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? మంచిగున్నవా?" అని నిజంగానే ఆప్యాయంగా అడిగాడు. బస్సులో కూర్చుకున్న తిట్లలో ఒక్కటీ నా నోటికి రాలేదు. తొమ్మిదేళ్ల దాన్నయిపోయి గోడకు ఆనుకున్నాను.

"పోరి తయారైందా వదినె?"

అవ్వ గడపకు రెండు పక్కలా చేతులు పెట్టి నిలబడింది.

"పోరి నీతోని రాదు."

"జరం తగ్గలేదా?"

"జరం లేదు. నీతోని రాను అన్నది. గది సాలు."

కాక నవ్వాడు. "పిల్లల మాటకేంది వదినె..."

"పిల్లల మాటనే" అంది అవ్వ. ఈసారి వాడంతా వినపడేలా అంది. "ఒక పిల్ల మాట ఇనకుంట నీ ఎంబడి పంపి పాపం గట్టుకున్న. నా కడుపున పుట్టినదాన్ని నేనే పంపిన. ఇగ ఈ గడప తొక్కకు. ఈ వాడల ఏ పోరినన్న బడికి తీస్కపోత అన్నవంటె ఆ ఇంటికి పోయి నేనే చెప్త, నువ్వేం జేసినవో."

పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. కాక నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు బిడ్డా, మీ అవ్వకేమైంది?" అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు మాట. "నన్ను బిడ్డా అనకు" అన్నాను. "నిలబడు. ఏం జేసినవో అందరి ముందర నేనే చెప్త." అతను నిలబడలేదు. తువ్వాల సర్దుకుంటూ, ఆడవాళ్లకు మతి చెడిందని ఎవరితోనో అంటూ పోయాడు.

తర్వాత అంతా సుఖంగా జరిగిందని చెప్పలేను. సగం వాడ మా ఇంటికి రావడం మానేసింది. అన్న పోచంపాడ్ నుంచి వచ్చి, ఇంటి పరువు వీధిలో వేశారని ముందు మా మీదే ఎగిరాడు, పిల్ల చెప్పింది విన్నాక తల పట్టుకుని కూర్చున్నాడు. అయితే ఆ తర్వాత ఒకరొకరుగా ఇద్దరు తల్లులు అవ్వ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడి పోయారు. కాకతో ఆ వాడ పిల్లలు మళ్లీ ఎక్కడికీ పోలేదు.

ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. అవ్వ మోకాళ్లు పట్టుకుంటూ పిల్లను బడికి దిగబెట్టి వచ్చింది. పెద్దవ్వ తిని అరుగు మీద నడుము వాల్చింది. అవ్వ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇగ నువ్వు చెప్పు" అంది.

"ఏం చెప్పాలె?"

"గప్పుడు నేను ఇననిది."

చెప్పాను. అరుగు మీద చెప్పినట్టు నాలుగు మాటల్లో కాదు, మొదటి నుంచి. అవ్వ చెవులు మూసుకోలేదు, ఊరుకో అనలేదు, అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు అనలేదు. మరాటామె గురించి చెప్పినప్పుడు మాత్రం రెండు చేతులూ ఎత్తి గాల్లోకి దండం పెట్టింది. నేను చెప్పడం అయిపోయింది.

"నువ్వు పోను అన్నంక ఇంక ఎన్నిసార్లు పంపిన నిన్ను?" అని అడిగింది.

ఆ లెక్క నాకు తెలుసు. కానీ ముడతలు పడ్డ ఆ మొహం చూస్తూ చెప్పబుద్ధి కాలేదు.

"యాదికి లేదవ్వా" అన్నాను.

"నాకున్నది" అంది.

అంకె చెప్పింది. సరిగ్గా చెప్పింది, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. పంపిన ప్రతిరోజూ ఆమె పొయ్యి ముందు కూర్చుని లెక్కపెట్టిందన్నమాట. నాకు ఆమెను పట్టుకుని కుదిపేయాలనిపించింది, ఒళ్లో పడుకోబెట్టుకోవాలనీ అనిపించింది. ఆమె తల నా ఒళ్లోకి తీసుకుని, బడి వదిలే వేళ అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.